నానబెట్టిన గింజలూ నార్సింగి తాళంచెవీ

ఇప్పుడు మీరు చదవబోయేది ఒక మహాకావ్యం. ఇందులో రక్తపాతం ఉంది. రాజ్యం చేజారిపోయే ప్రమాదం ఉంది. రథమెక్కి దండెత్తి వచ్చిన పెద్దలున్నారు. ఆకాశంలోంచి దిగి యజ్ఞంలో హవిస్సు ఎత్తుకుపోయిన పక్షులున్నాయి. చివర్లో ఒక వరం ఉంది, ఆ వరానికి ఒక షరతు కూడా ఉంది.

సరే, అంత లేదు. రక్తపాతమంటే ల్యాబ్‌లో సూది గుచ్చి చిన్న గొట్టంలోకి లాగిన రక్తం. రాజ్యమంటే నార్సింగిలో రెండు బెడ్‌రూముల అద్దె ఫ్లాటు, అందులోనూ నాది సగం. రథం, బాలానగర్ నుంచి బుక్ చేసిన క్యాబు. పక్షులు పావురాలు. పెద్దలంటే మా పిన్ని ఒక్కతే, కానీ ఆవిడ ఒక్కతే వచ్చినా పదిమంది వచ్చినట్టు ఉంటుంది. మిగతా కథంతా గింజల గురించి. గుమ్మడి గింజలు, నువ్వులు, అవిసెలు, సబ్జాలు. ఇంకా చదువుతానంటే మీ ఇష్టం, నేను ముందే చెప్పాను.

మా అమ్మానాన్నలు కాకినాడలో ఉద్యోగాలు చేస్తారు. నాకు హైటెక్ సిటీలో ఉద్యోగం వచ్చినప్పుడు, హైదరాబాద్ పరిధిలో నా మీద సర్వాధికారాలూ పిన్నికి అప్పగించారు. పిన్ని ప్రభుత్వాఫీసులో పనిచేస్తుంది. ఆవిడ మాట్లాడితే కింద సంతకం, స్టాంపు కూడా వినపడతాయి. బాలానగర్‌లో వర్క్‌షాపుల వెనక సందులో వాళ్ళిల్లు. నాకిచ్చిన గదిలో నాతోపాటు ఒక బియ్యం డ్రమ్ము, బాబాయి పాత కంప్యూటరు, పిన్ని కుట్టుమిషను కాపురం ఉండేవి. మంచం మీద పడుకుంటే నా కాళ్ళు కుట్టుమిషను కిందకి వెళ్ళేవి. కలలో ఎవరినైనా తన్నితే పక్కన చక్రం తిరిగేది. తెల్లారక ముందే సందులో లేత్ మిషన్లు మొదలయ్యేవి. రోజూ షేర్ ఆటోలో బోరబండ వెళ్ళి, రైలెక్కి, ఇంకొకరి చంకలో తలపెట్టి హైటెక్ సిటీలో దిగేదాన్ని.

ఇదంతా కష్టమని నేను అనను. పిన్ని నన్ను బాగా చూసుకుంది. అదే ఇబ్బంది. పొద్దున ఏ రంగు చున్నీ వేసుకున్నానో, సాయంత్రం ఎన్ని ఇడ్లీలు వదిలేశానో ఆవిడకి తెలుసు. ఆ ఇంటి తాళంచెవి కూడా నా దగ్గర ఉండేది కాదు. ఎప్పుడొచ్చినా ఎవరో ఒకరు తలుపు తీసి, మొహం చూసి, వాసన చూసి లోపలికి పంపేవారు.

కాబట్టి నార్సింగి ఫ్లాటు తాళంచెవి చేతికొచ్చిన రోజు నేను దాన్ని బ్యాగులో వేసుకోలేదు, చేత్తో పట్టుకునే తిరిగాను. తలుపు తీసి లోపలికెళ్ళి, మళ్ళీ బయటికొచ్చి, మళ్ళీ తీశాను. నాతో ఫ్లాటు పంచుకున్న అమ్మాయి మా టీమే, సిద్దిపేట వైపు నుంచి వచ్చింది. నా వ్యవహారం చూసి, "ఏందే, తాళం టెస్టింగ్ చేస్తున్నవా?" అంది. చేస్తున్నానన్నాను. మా ఉద్యోగమే టెస్టింగ్.

పిన్ని ఊరికే వదల్లేదు. నేను ఇల్లు మారుతున్నప్పుడు ఒక్కటే మాటంది. ఒంట్లో బాగాలేదని ఒక్కసారి తన చెవిన పడితే, సామాను సర్దుకుని బాలానగర్ వచ్చెయ్యాలి. నేను దిట్టంగా ఉన్నానని నా నమ్మకం, అందుకే వెంటనే ఒప్పుకున్నాను.

తర్వాత నేను పడిపోయాను.

పడిపోవడమంటే మెట్ల మీంచి దొర్లడం, వెనకాల సంగీతం రావడం, అలాంటిదేం కాదు. మా ఆఫీసులో రోజూ పొద్దున టీమంతా గుండ్రంగా నిలబడి, నిన్న ఏం చేశాం, ఇవాళ ఏం చేస్తాం అని చెప్పుకుంటాం. కూర్చుంటే సాగదీస్తారని నిలబెడతారు. నా వంతు వచ్చింది. నిన్న ఏం చేశానో చెప్పాను. ఇవాళ ఏం చేస్తానో చెప్పబోతూ కూర్చున్నాను, కాస్త తొందరగా, కుర్చీ లేని చోట. మా మేనేజరు మంచివాడే, కంగారుపడ్డాడు, కానీ నోటికి అలవాటైన ప్రశ్న ముందు వచ్చేసింది. "పనికి ఏమైనా అడ్డంకి ఉందా?" అన్నాడట. ఆ మాట నాకు వినపడలేదు. నా ఫ్లాటు స్నేహితురాలు వారం రోజులు నటించి చూపించింది కాబట్టి తెలుసు.

ఆఫీసు రికార్డుల్లో, అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చెయ్యాలన్న చోట పిన్ని నంబరుంది. నేను కళ్ళు తెరిచేసరికి ఎవరో నా చెవి దగ్గర ఫోన్ పెట్టారు. అవతల పిన్ని. ఏం తిన్నావని అడిగింది. అబద్ధం ఆలోచించేంత రక్తం అప్పటికి తలకి ఎక్కలేదు. బిస్కెట్లని నిజం చెప్పేశాను.

క్లినిక్‌లో పరీక్ష చేస్తే ఇంకేం జబ్బు లేదు, హిమోగ్లోబిన్ బాగా తక్కువుందన్నారు. డాక్టరు ఓపికున్నవాడు, చాలాసేపు చెప్పాడు. ఇనుము మాత్రలు రాశాడు, ఆకుకూరలు, బెల్లం, నువ్వులు, గింజలు తినమన్నాడు. ఇంకా ఏవో చెప్పాడు. ఆ సమయంలో నా ఎడమ చెవిలో క్లయింట్ కాల్ నడుస్తోంది. సెలవు పెట్టడానికి ధైర్యం చాలక ఒక చెవి ఆఫీసుకి, ఒక చెవి ఆరోగ్యానికి కేటాయించాను. డాక్టరు చెప్పిందాంట్లో సగం, క్లయింటు చెప్పిందాంట్లో సగం విన్నాను. రెండు సగాలు కలిపితే పూర్తి పని ఒక్కటీ రాలేదు.

రాత్రి పిన్ని ఫోన్ చేసి తీర్పు చెప్పింది. మళ్ళీ పరీక్ష చేయించే దాకా ఆగుతుంది. రక్తం పెరిగితే నార్సింగిలోనే ఉండొచ్చు. పెరక్కపోతే ఆ వెంటనే వచ్చే ఆదివారం తనే వచ్చి, నన్నూ సామాన్నీ కలిపి తీసుకుపోతుంది. గదిలోంచి బియ్యం డ్రమ్ము తీయిస్తానని కూడా అంది. ఆ ఆశ చూపించడంతో విషయం ఎంత గట్టిదో నాకు అర్థమైంది.

మామూలు మనిషైతే మాత్రలు వేసుకుని, పాలకూర వండుకుని ఊరుకునేది. నేను రాజ్యం నిలబెట్టుకోవాలి కదా. అందుకని గింజల్లోకి దిగాను.

మా ఆఫీసులో గింజలు తినడం ఒక మతం. ప్రతి డెస్కు మీదా గాజు సీసా, అందులో రంగురంగుల గింజలు. నాలుగింటికి కాంటీన్ పక్కన టీ మిషన్ దగ్గర భక్తులు చేరి, అరచేతిలో గింజలు పోసుకుని ప్రసాదంలా నోట్లో వేసుకుంటారు. ఎవరి సీసా ఎంత శ్రేష్ఠమో చెప్పుకుంటారు. అప్పటిదాకా నేను వాళ్ళని చూసి నవ్వేదాన్ని. ఒక్క సాయంత్రంలో మతం మారాను. సూపర్‌మార్కెట్‌కి వెళ్ళి, ఆ అరలో ఉన్న ప్రతి గింజకీ ఒక ప్యాకెట్ తెచ్చాను. ఫ్లాటు స్నేహితురాలు సంచీ లోపలికి చూసి, "కోళ్ళు పెంచుతున్నవా?" అంది.

నేను చదివినంతలో గింజలంటే అన్నీ ఒకటి కావు. గుమ్మడి గింజల్లో ఇనుము, జింకు, మెగ్నీషియం. నువ్వుల్లో ఇనుముతోపాటు కాల్షియం, అదీ పైపొట్టు తియ్యని నువ్వుల్లో ఎక్కువ. పొద్దుతిరుగుడు గింజల్లో ఇ విటమిను. పుచ్చకాయ గింజల్లో మాంసకృత్తులు. చిన్నప్పుడు కడుపులో మొక్క మొలుస్తుందని మనం ఊసేసిన గింజలే, ఇప్పుడు ఒలిచి ప్యాకెట్లో పెడితే దర్జా వచ్చింది. అవిసెల్లో చేపలు తినని వాళ్ళకి పనికొచ్చే కొవ్వు. సబ్జాలో పీచు. ఎక్కడో మెక్సికో నుంచి వచ్చిన చియా మన సబ్జాకి దూరపు చుట్టం, విదేశాల్లో ఉన్న చుట్టం కాబట్టి గౌరవం ఎక్కువ. ఇదంతా ఒక్క రాత్రిలో చదివేసి మర్నాడు టీ మిషన్ దగ్గర ఉపన్యాసమిచ్చాను. మతం మారినవాళ్ళకి ఉండే ఉత్సాహం అది.

మొదట అవిసెలతో మొదలుపెట్టాను. చెంచాతో తీసుకుని, అలాగే నోట్లో పోసుకుని, వేడి వేడి టీతో మింగేశాను. నమిలితే పళ్ళ సందుల్లో ఇరుక్కుంటాయి, అందుకని మింగడమే నయమనిపించింది. కొన్ని రోజులయ్యాక, ఎక్కడ గమనించానో చెప్పను గానీ, అవి నాలోకి ఎలా వెళ్ళాయో అలాగే బయటికి వస్తున్నాయని తెలిసింది. ఒక్క గింజ కూడా చెక్కు చెదరలేదు. కడిగి ఆరబెడితే మళ్ళీ ప్యాకెట్లో పోసి అమ్మొచ్చు. నేను తినడం లేదు, రవాణా చేస్తున్నాను.

ఫ్లాటు స్నేహితురాలికి ఆ సంగతి చెబితే సోఫా మీంచి కిందపడి నవ్వింది.

"అవిసెలను గట్ల ఎవలన్నా తింటరానే? దోరగ వేయించి, ఎండుమిరపకాయలు, ఎల్లిగడ్డ, ఉప్పు ఏసి పొడి కొట్టుకుంటరు. మా ఇంట్ల గది మందు గాదు, కారం."

తర్వాత ఊరెళ్ళినప్పుడు వాళ్ళమ్మ చేసిన అవిసెల కారం సీసా నిండా తెచ్చింది. నువ్వుల పొడి, నువ్వులద్దిన సజ్జ రొట్టెలు కూడా తెచ్చింది. రొట్టె మీద నువ్వులు ఎంత దట్టంగా ఉన్నాయంటే కింద రొట్టె ఉందని నమ్మాల్సి వచ్చింది. ఇవి కదా గింజలు తినే పద్ధతులు అనుకున్నాను. నేను మందుల చీటీలా చదివిందాన్ని వాళ్ళు వేడన్నంలో నెయ్యేసుకుని కలుపుకుంటున్నారు. ఆ రోజు నుంచి మా భోజనం అవిసెల కారంతో మొదలై, తను కాచే చాయ్‌తో ముగిసేది. తన చాయ్ గురించి ఒక మాట చెప్పాలి. పాలలో ఆకు వేసి, అది ఎర్రగా మారి, ఇంక చాలు నన్ను వదిలెయ్ అని బతిమాలే దాకా మరిగిస్తుంది. గొంతులో ఉన్న ఏ గింజనైనా కిందికి దింపే శక్తి దానికుంది.

సబ్జాలతో నాకు ఆఫీసులో అవమానం జరిగింది. నానబెట్టి తాగాలని తెలుసు. కానీ గిన్నెలో నానబెట్టి, చెంచాతో తింటే నాగరికంగా ఉండదని, పీల్చుకునే మూతున్న నీళ్ళ సీసాలో నాలుగు చెంచాలు పోసి మూత బిగించాను. ఒక చెంచా చాలని తర్వాత తెలిసింది. మీటింగ్ మధ్యలో సీసా ఎత్తి పీల్చాను, ఏం రాలేదు. గట్టిగా పీల్చాను. సీసా గిలగిలలాడింది, నా బుగ్గలు లోపలికి పోయాయి, ఏం రాలేదు. అప్పటికి స్క్రీన్ మీద నా మొహమే పెద్దదిగా కనపడుతోందని నాకు తెలీదు. ఏమైనా చెప్పాలనుకుంటున్నారా అని అవతలి నుంచి ఎవరో మర్యాదగా అడిగారు. లేదని తల ఊపి, మూత విప్పాను. లోపల సీసా ఆకారంలో ఒక కప్పగుడ్ల ముద్ద. దాన్ని చాకుతో కోసి తినాల్సిందే. తినకుండా పారబోసి, టీ తెచ్చుకున్నాను.

గుమ్మడి గింజల విషయంలో మరీ స్వయంశక్తి మీద ఆధారపడ్డాను. ప్యాకెట్లో గింజలెందుకు, గుమ్మడికాయ కొంటే కూరా వస్తుంది గింజలూ వస్తాయి అనిపించింది. కొన్నాను. గింజలు కడిగి, పళ్ళెంలో పరిచి, హాలు బాల్కనీలో ఎండబెట్టి ఆఫీసుకెళ్ళాను. సాయంత్రం వచ్చేసరికి పళ్ళెం తళతళలాడుతోంది. రెయిలింగ్ మీద నాలుగు పావురాలు కూర్చుని, ఇంకా ఉన్నాయా అన్నట్టు నన్ను చూశాయి. మర్నాడు ఇంకో గుమ్మడికాయ కొని మళ్ళీ పెట్టాను, ఈసారి పైన జల్లెడ బోర్లించి. జల్లెడ కింద పడి ఉంది, పావురాలు ఎనిమిదయ్యాయి. ఇవాళ్టికీ మా అపార్ట్‌మెంట్ పావురాల ఆరోగ్యం నార్సింగి మొత్తంలో నంబర్ వన్. వాటి ఈకల మెరుపు చూస్తే నా ఇనుమంతా అక్కడే ఉందనిపిస్తుంది.

ఇన్ని తంటాలు పడ్డా నేను ఆగలేదు. అవిసెలు పొడిగా, నువ్వులు రొట్టెగా, గుమ్మడి గింజలు బుద్ధిగా ప్యాకెట్లోంచి, దోరగా వేయించి. పొద్దున టిఫిన్ అవగానే ఇనుము మాత్ర వేసుకుని టీ. నాలుగింటికి ఆఫీసులో గింజలు, టీ. రాత్రి అన్నంలో కారం, తర్వాత చాయ్. గింజల రుచి పచ్చిగడ్డికీ అట్టముక్కకీ మధ్యలో ఉంటుంది, ఆ శిక్షకి టీ ఒక్కటే ఓదార్పు. నా జీవితంలో ఏ పనీ ఇంత క్రమశిక్షణతో చెయ్యలేదు. అద్దంలో చూసుకుంటే బుగ్గలు ఎర్రబడినట్టే ఉండేవి. బాత్‌రూమ్ లైటు పసుపు రంగుదని ఫ్లాటు స్నేహితురాలు గుర్తుచేసేది.

ఆ ధైర్యంతోనే మళ్ళీ పరీక్షకి వెళ్ళాను. ఫలితం శనివారం ఫోన్‌లోకి వచ్చింది. పెరగలేదు. మునుపటి దగ్గరే ఉంది, ఎప్పుడూ చెడిపోయి ఆగి ఉండే మా అపార్ట్‌మెంట్ లిఫ్టులాగా.

పిన్నికి చెప్పకుండా ఉండొచ్చని మీరనుకోవచ్చు. ల్యాబ్ బుక్ చేసేటప్పుడు ఫలితం ఎవరెవరికి పంపాలంటే, గెలుపు మీద నమ్మకంతో పిన్ని నంబరు కూడా ఇచ్చాను. నాకంటే ముందు ఆవిడే చూసింది. "రేపు వస్తున్నా," అని ఒక్క మెసేజి పెట్టింది. అందులో బొమ్మలు కూడా లేవు. పిన్ని బొమ్మలు లేకుండా మెసేజి పెట్టిందంటే అది జీవో కింద లెక్క.

ఆ రాత్రి నేను తాళంచెవిని దిండు కింద పెట్టుకున్నానని రాస్తే బాగుంటుంది. పెట్టుకోలేదు, అది గుచ్చుకుంటుంది. మేకుకి తగిలించి, కాసేపు చూసి పడుకున్నాను.

ఆదివారం పదింటికి పిన్ని వచ్చింది. చేతిలో రెండు పెద్ద ఖాళీ సంచులు, బియ్యం బస్తా గుడ్డతో తనే కుట్టినవి. వాటిని చూడగానే నాకు కుట్టుమిషను చక్రం తిరిగిన చప్పుడు వినపడింది. సోఫాలో కూర్చుని, సంచులు ఒళ్ళో పెట్టుకుని, నా మొహం చూసింది.

"పాలిపోయావే."

"ఇక్కడ లైటు అలాంటిది పిన్నీ."

"లైటు ఆపు, చూద్దాం."

ఆపాను. నా కంటి కింది రెప్ప లాగి చూసింది.

నా వాదన మొదలుపెట్టాను. సీసాలన్నీ తెచ్చి టీపాయ్ మీద వరసగా పెట్టాను. ఏది ఎలా వేయించానో, ఏది పొడి కొట్టానో, ఏది పావురాలకి సమర్పించానో చెప్పాను. మాత్రలు ఒక్కరోజు కూడా మానలేదని ఖాళీ అట్టలు చూపించాను. ఫ్లాటు స్నేహితురాలు సాక్ష్యం చెప్పింది. నిజంగనే తింటది ఆంటీ, జర ఎక్కువనే తింటది, పరేషాన్ గాకుండ్రి అంది. పిన్ని ఇద్దర్నీ చూసి, మాటలొద్దు, రోజూ ఎలా తింటావో అలా తిని చూపించమంది.

నాకు కోపమొచ్చింది. వచ్చిన కోపాన్ని కూడా క్రమశిక్షణగా వాడుకున్నాను. గుప్పెడు గుమ్మడి గింజలు, ఒక నువ్వుల ఉండ, పిన్ని కళ్ళలోకి చూస్తూ నమిలాను. ఫ్లాటు స్నేహితురాలు అలవాటు ప్రకారం మూడు కప్పుల్లో చాయ్ తెచ్చింది. నేను ఒక గుక్కతో నోట్లో ఉన్నదంతా దింపేసి, చూశావా అన్నట్టు కప్పు పెట్టాను.

పిన్ని తన కప్పు ముట్టుకోలేదు. నా కప్పు వైపు వేలు చూపించింది.

"ఇదెందుకు?"

"గింజలు దిగాలి కదా."

"మాత్ర ఎప్పుడు వేసుకుంటావ్?"

"పొద్దున. టీతో."

"నాలుగింటికి?"

"గింజలు, టీ."

"రాత్రి?"

ఫ్లాటు స్నేహితురాలు కప్పు వెనక మొహం దాచుకుంది.

పిన్ని నవ్వింది. ఆవిడ నవ్వగా నేను చూసింది తక్కువ, మొదట దగ్గనుకున్నాను. సంచులు ఒళ్ళోంచి జారిపోయాయి. వాళ్ళబ్బాయి కడుపులో ఉన్నప్పుడు తనకీ ఇదే బాధట. మాత్రలేసుకున్నా రక్తం పట్టలేదట. అప్పుడు పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ వరసలో అందరి ముందూ నిలబెట్టి తిట్టిందట.

"టీ పడితే ఇనుము ఒంటికి పట్టదే. నువ్వు ఒక చేత్తో తింటూ, ఇంకో చేత్తో కడిగేసుకుంటున్నావు. ఇనుము పట్టేలా పైన కాస్త నిమ్మకాయ పిండుకుని, టీ తర్వాతెప్పుడో తాగి చావొచ్చు కదా."

నేను ఆ సీసాల వరస చూశాను. చదివిన చదువంతా, చేసిన ఉపన్యాసమంతా, టీ మిషన్ చుట్టూ చేరిన ఆ భక్తులంతా గుర్తొచ్చారు. మా ఆఫీసు మొత్తం రోజూ నాలుగింటికి గింజలు తిని, వెంటనే వాటి ఇనుముని టీతో సాగనంపుతోంది. వాళ్ళకి రక్తం ఉంది కాబట్టి నడిచిపోతోంది, అంతే.

"మరి నేను వచ్చెయ్యాలా?" అనడిగాను. ఈ ఒక్క మాటా జోకు లేకుండా అడిగాను. ఎందుకంటే తలుపు పక్కన మేకుకి తాళంచెవి వేలాడుతోంది, పిన్ని వెనకే, నాకు కనపడేలా.

పిన్ని లేచింది. నేను నా బట్టల బీరువా వైపు వెళ్తుందనుకున్నాను. వంటింట్లోకి వెళ్ళింది. టీ డబ్బా తీసి, మూత బిగించి, ఒక సంచిలో వేసుకుంది. అరలో వెనక దాచిన కొత్త ప్యాకెట్ కూడా వెతికి వేసుకుంది.

"ఆంటీ, గది నా చాయపత్త," అంది ఫ్లాటు స్నేహితురాలు.

"నీకు రక్తమెంతుందమ్మా?"

"పరీక్ష చేయించలే."

"అయితే నీకూ వద్దు."

ఆ పిల్ల మా టీంలో క్లయింట్‌నే ఎదిరిస్తుంది. ఇప్పుడు మాత్రం తన కప్పు కూడా తీసుకెళ్ళి సింకులో పెట్టింది.

నెల రోజులు గడువిచ్చింది పిన్ని. సామాను సర్దడానికి తెచ్చిన సంచుల్లో ఒకటి టీ పొడితో బాలానగర్ వెళ్ళింది. రెండోదాన్ని మడిచి, మేకుకున్న తాళంచెవి మీద తనే తగిలించింది. గడువు అయ్యేదాకా అక్కడే ఉండాలంది. అప్పట్నుంచి తాళంచెవి తీయాలంటే ముందు ఆ సంచి తీయాల్సి వచ్చేది.

ఇంట్లో టీ లేని మొదటి వారం గురించి ఏదో వీరోచితంగా రాద్దామనుకున్నాను. తలనొప్పి వచ్చింది. ఫ్లాటు స్నేహితురాలు నాతో రెండ్రోజులు మాట్లాడలేదు, తర్వాత ఆఫీసులోనే నాలుగు కప్పులు తాగి ఇంటికి రావడం మొదలుపెట్టాక మాట్లాడింది. నేను ఆఫీసులో పదకొండింటికి, ఆరున్నరకి మాత్రం తాగేదాన్ని, తిండికీ మాత్రకీ దూరంగా. గింజల మీద నిమ్మకాయ పిండితే బాగుంటాయని కనుక్కున్నాను. నాలుగింటికి టీ మిషన్ దగ్గరికెళ్ళి నిజం చెప్పాను. ఎవరూ పట్టించుకోలేదు. మతం మారినవాళ్ళ మాట ఎవరైనా వింటారు, మతం మధ్యలో సవరణలు చెప్పేవాళ్ళ మాట వినరు.

నెల తర్వాత పరీక్షలో రక్తం పెరిగింది. బ్రహ్మాండంగా కాదు, బాలానగర్ వెళ్ళక్కర్లేనంత. డాక్టరు కాగితం చూసి, మాత్రలు ఇంకొన్నాళ్ళు ఆపొద్దన్నాడు. టీ సంగతి నేను గర్వంగా చెబితే, ఆయన కళ్ళజోడు పైనుంచి చూశాడు.

"మొదటి రోజే చెప్పానమ్మా. మీరు తల కూడా ఊపారు."

ఆ రోజు నేను తల ఊపింది క్లయింట్ మాటకి. అది క్లయింటుకి కనపడదు కూడా.

పిన్నికి ఫోన్ చేస్తే ఫలితం ముందే చూశానంది. సరే, ఉండు అంది. అంతే. నేను ఇంకేదో అంటుందని ఆగాను. ఆ సంచి పంపెయ్, బియ్యానికి కావాలి అంది. ఫోన్ పెట్టేసే ముందు, ఆ డ్రమ్ము గదిలోంచి తీయించేశాను, వచ్చినప్పుడు కాళ్ళు చాపుకోవచ్చు అంది. దీనికి జోకేదీ తట్టలేదు. తట్టలేదని మీకు చెప్పడం కూడా నాకిష్టం లేదు.

సంచి తీసేశాక తాళంచెవి మేకుకి ఒంటరిగా వేలాడింది. ఆ సాయంత్రం విజయోత్సవం చేసుకుందామనుకున్నాం. వేడన్నం వండుకుని, నెయ్యి కరిగించి, నిమ్మకాయ కోసి, సిద్దిపేట వైపు నుంచి వచ్చి, ఈ రోజు కోసమని విప్పకుండా దాచిన రెండో అవిసెల కారం సీసా మూత తీశాం. గుప్పున పాడైపోయిన నూనె కంపు. అన్నాళ్ళుగా పొయ్యి పక్కనే అరలో ఉంది. పెరుగన్నం తిని పడుకున్నాం.

అవిసెల పొడి కొంచెం కొంచెంగా చేసుకోవాలి, ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి.